స్టీరింగ్ పట్టేసిందని ట్రాక్టర్ అమ్మకండి



ప్రకృతి సేద్యంలో ఉన్నోళ్ళం విత్తనం ఇంట్లోనే దాచుకుంటాం, జీవామృతం ఇంటి దగ్గరే కలుపుకుంటాం. బజారు ఖర్చు తగ్గాలన్నదే మన లెక్క. ట్రాక్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ లెక్క మర్చిపోతున్నాం. పాత మెస్సీ గానీ స్వరాజ్ గానీ స్టీరింగ్ పట్టేస్తే చాలు, పాత ఇనుముకి వేసేసి, ఫైనాన్సులో కొత్తది తెచ్చుకుంటున్నాం. ఎరువుల అంగడి అప్పు తీరిందనుకుంటే ట్రాక్టర్ కంతు మెడకి పడుతోంది. ఇది తప్పు అని నా అభిప్రాయం.

మన చిలమత్తూరు పక్క సంగతి మీకు తెలుసు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దాకానే. అదీ ఒక తీరుగా పడదు. ఎర్రనేలలో పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. ఆ నాలుగు రోజులూ ఊరంతా బాడుగ ట్రాక్టర్ వెంట పడుతుంది. మన వంతు వచ్చేలోపు పదును ఆరిపోతే చెనిక్కాయ విత్తేదెప్పుడు? ఎద్దులున్న ఇంటికి ఈ బాధ లేదు. లేని ఇంటికి ఆ పాత బండే దిక్కు.

స్టీరింగ్ ఎందుకు పట్టేస్తుంది? ఎక్కువసార్లు అరుగుదల వల్ల కాదు, నిలబెట్టేయడం వల్ల. నెలల తరబడి చెట్టు కింద ఉంటే గ్రీసు గట్టిపడుతుంది, రబ్బరు బూటు చిరిగి దుమ్ము దూరుతుంది, తేమకి తుప్పు పడుతుంది. గోమూత్రం, జీవామృతం చిందినా ఇనుముని తింటాయి. మోసినరోజే నీళ్ళతో కడిగెయ్యండి.

పని ఎట్లా చెయ్యాలో వీడియోలో చూడొచ్చు. ముఖ్యమైనవి మళ్ళీ చెప్తా. ముందు ఇరుసుని జాకీతో లేపి, కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టండి. ఉత్త జాకీని నమ్మి కిందికి దూరొద్దు. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాలకి పోయే రాడ్డు విప్పండి. అప్పుడు స్టీరింగ్ సులువుగా తిరిగితే రోగం చక్రాల దగ్గర, కింగ్ పిన్నుల్లో ఉన్నట్టు. అప్పటికీ తిరక్కపోతే బాక్సులో ఉన్నట్టు. అది మెకానిక్ పని.

కింగ్ పిన్ను పట్టేస్తే పాత గ్రీస్ నిప్పల్ తీసి రంధ్రం శుభ్రం చెయ్యండి. డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పొయ్యండి. రాత్రంతా నాననియ్యండి, అవసరమైతే రెండు మూడు రోజులు. చక్రాన్ని అటు కొంచెం ఇటు కొంచెం ఆడిస్తూ పోతే వదులుతుంది. వదిలాక కొత్త నిప్పల్ వేసి, ఇరుసు పైకి ఉన్నప్పుడే గ్రీసు కొట్టండి. బరువు లేనప్పుడే లోపలి దాకా పోతుంది. పాత మురికి గ్రీసు పోయి కొత్తది బయటికి వచ్చేదాకా కొట్టాలి.

బాల్ జాయింట్ ఊడకపోతే మర చివర కొట్టొద్దు, మర చెడిపోతుంది. నట్టు కొంచెం వదులు చేసి, అట్లే ఉంచి, జాయింటు కూర్చున్న కన్ను పక్కల తట్టండి. డీజిల్ పోసినచోట గ్యాసు మంట పెట్టనేకూడదు. కింద తట్ట పెట్టుకోండి, నూనె మన నేలలోకి పోకూడదు.

ఇంకో మాట. అరిగిన బాల్ జాయింటుని, విరిగిన ఆర్ముని వెల్డింగ్ చేయించి నెట్టుకురావద్దు. కొడికొండ దగ్గర హైవే ఎక్కే బండి మనది. స్టీరింగ్ ఊడితే మనతోపాటు ఎదుటోళ్ళ ప్రాణమూ పోతుంది. అక్కడ పొదుపు చెయ్యొద్దు, కొత్తది వెయ్యండి.

నిప్పళ్ళు, గ్రీసు, మూడు రోజుల ఓపిక. వీటితో పోయేదానికి లక్షల అప్పు ఎందుకు? ఏరువాక పున్నమికి బండికి పసుపు కుంకుమ పెడతాం కదా, దానికి పదిహేను రోజుల ముందే గ్రీస్ గన్ పట్టుకోండి. వాన పడ్డాక చూద్దాంలే అనుకుంటే పదును మనకోసం ఆగదు.