మూడు సెకన్లు ఆగితే చాలా?

"ఫెచ్‌తో తెచ్చిన పేజీలో మనకు కావలసిన ముక్క దొరకలేదా? సెట్‌టైమౌట్ పెట్టి మూడు సెకన్లు ఆపు, అదే వస్తుంది." జావాస్క్రిప్ట్ నేర్చుకునే పిల్లలకు ఈ చిట్కా చెప్పే పెద్దమనుషులకు కొదవ లేదు. ఇది తప్పు. అప్పుడప్పుడు పనిచేస్తుంది కాబట్టి ఇంకా చెడ్డ తప్పు.

దౌల్తాబాద్‌లో ఓ డిగ్రీ కుర్రాడు తాండూరు మార్కెట్ ధరల పేజీ కడుతున్నాడనుకుందాం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చుట్టుపక్కల కందుల రేటు అడగనివాళ్లు తక్కువ. అతని సైట్‌లోనే ఉన్న రెండో పేజీలో పెసలు, శనగలు, కందులు అన్నిటి ధరలూ పట్టికగా ఉన్నాయి. అతనికి కావలసింది కందుల వరుసలోని మోడల్ ధర, అంటే ఎక్కువ సరుకు పలికిన ధర, ఒక్కటే. ఫెచ్ అని పిలిచి, ఆ కింది లైన్లోనే డాక్యుమెంట్‌ని గెట్ఎలిమెంట్‌బైఐడీతో అడిగాడు. నల్ వచ్చింది.

ఇక్కడ మూడు సెకన్లు కాదు, మూడు గంటలు ఆగినా నల్లే వస్తుంది. ఎందుకంటే అతను వెతుకుతున్నది తెరమీదున్న తన పేజీలో. తెచ్చిన పేజీ ఇంకా ఉత్త అక్షరాల చాంతాడు. దాన్ని డామ్‌పార్సర్‌కిచ్చి పార్స్‌ఫ్రమ్‌స్ట్రింగ్ చేయిస్తే వేరే డాక్యుమెంట్ తయారవుతుంది. క్వెరీసెలెక్టర్‌తో అడగాల్సింది దాన్ని. అదీ ఫెచ్ ఇచ్చిన ప్రామిస్ నెరవేరాక, దెన్ లోపల. జాన్ రెసిగ్ 2006లో తెచ్చిన జేక్వెరీ లైబ్రరీలో అయితే లోడ్‌కి చిరునామా, ఒక ఖాళీ, సెలెక్టర్ రాస్తే ఈ పనంతా అదే చేసుకుంటుంది.

మరి చిట్కా కొన్నిచోట్ల ఎలా పనిచేసింది? వచ్చిందంతా ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పేజీలో కుమ్మరించినవాళ్లకు పనిచేసింది. అక్కడ మిగిలింది వేళ సంగతే. మాదాపూర్‌లో ఫైబర్ లైన్ మీద అర సెకనులో వచ్చేది, పొలం గట్టున ఒక గీత సిగ్నల్ మీద పది సెకన్లు పట్టొచ్చు. మాదాపూర్‌వాడు ఊరికే రెండున్నర సెకన్లు కూర్చుంటాడు, గట్టుమీదివాడికి ధరే కనిపించదు. మూడుని పదిహేను చేస్తే? ఇద్దరూ కూర్చుంటారు.

పార్సర్ ఎందుకు, ఆ చాంతాడును రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో కోసేయొచ్చంటారు కొందరు. పట్టికలో ఒక నిలువు వరుస కొత్తగా చేరిన రోజున శనగల రేటు కందులకు అంటుకుంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది, దాన్ని ఈ సలహాదారులు ఎత్తరు. ఆ రెండో పేజీ కూడా తన పట్టికను జావాస్క్రిప్ట్‌తోనే నింపుకునేదైతే డామ్‌పార్సర్ చేతికి ఖాళీ పట్టికే వస్తుంది, అది స్క్రిప్టుల్ని నడపదు. అప్పుడు బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఆ పేజీ ధరల్ని ఏ చిరునామా నుంచి తెచ్చుకుంటోందో చూసి నేరుగా అక్కడికే వెళ్లాలి. అది పరాయి సైటైతే, వాళ్ల సర్వర్ అనుమతించనిదే జవాబును బ్రౌజర్ మన స్క్రిప్టు చేతికివ్వదు.

ఇంకొకటి. పేజీ లేదని సర్వర్ 404 చెప్పినా ఫెచ్ దాన్ని విఫలమనుకోదు, తీసుకుని దెన్‌లోకే వస్తుంది. రెస్పాన్స్ ఓకేనా అని ముందు చూడకపోతే కుర్రాడు ఆ 404 పేజీలో కందుల కోసం వెతుకుతుంటాడు.