ఇంటి పని దగ్గర పిల్లల ఏడుపు ఎందుకు?

నంద్యాల: దీపాలు పెట్టే వేళకు నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లలో ఒకటే రభస. పిల్లవాడు నోటుపుస్తకం ముందు కూర్చుంటాడు. లెక్క తేలదు. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చినుగుతుంది. పెన్సిలు విసిరికొడతాడు. పొలం నుంచి అలసి వచ్చిన తండ్రి చెయ్యి చేసుకుంటాడు. వీడికి చదువు మీద శ్రద్ధ లేదని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు.

శ్రద్ధ లేనివాడు లెక్క రాలేదని ఏడవడు. ముందు ఈ సంగతి గ్రహించాలి.

అసలు చిక్కు చాలావరకు భాషలో ఉంది. ఇంటి పని ఇంగ్లీషులో వస్తోంది. ఇంట్లో వాళ్లకు ఇంగ్లీషు రాదు. వడ్డీ లెక్కనే తీసుకుందాం. "ప్రిన్సిపల్, రేటు, టైమ్" అని చూడగానే తండ్రి "నాకేం తెలుసు నాయనా, మీ సారును అడుగు" అని లేచిపోతాడు. కానీ పది వేలకు నూటికి రెండు చొప్పున నెలకు 200, ఏడాదికి 2,400 అని ఆయన నోటితోనే చెప్పగలడు. నూటికి నెలకు రెండు రూపాయలంటే పుస్తకం భాషలో ఏడాదికి 24 శాతం. బిడ్డ చేత ప్రశ్నను తెలుగులో చెప్పిస్తే సగం లెక్క అక్కడే విడిపోతుంది. 2020-21 నుంచి ప్రభుత్వం ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండేలా పాఠ్యపుస్తకాలు ముద్రించింది. అటువంటి పుస్తకం ఉంటే తెలుగు పేజీ ముందు చదివించడం తప్పేమీ కాదు.

ఆళ్లగడ్డలో ఉలి పట్టడం నేర్చుకునే కుర్రవాడికి చెయ్యి తిరిగేదాకా పక్కన పెద్దవాడు ఉంటాడు. పుస్తకం దగ్గర మాత్రం పిల్లవాణ్ణి ఒంటరిగా వదిలేస్తున్నాం. చదువు రాని తల్లి అయినా సరే, పక్కన కూర్చుని "ఇంతవరకు ఎట్లా చేసినావో చెప్పు" అనవచ్చు. వాడు మరీ విసిగిపోతే పుస్తకం మూయించి, అన్నం పెట్టి, తర్వాత చూడవచ్చు.

ఇక ఎంత పని ఇవ్వాలన్నది మరో ప్రశ్న. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం రెండో తరగతి దాకా ఇంటి పని ఉండరాదు. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు ఒక గంట మించరాదు. ఈ సంగతి తెలియక రాత్రి తొమ్మిదింటి దాకా పిల్లలను కూర్చోబెట్టేవారున్నారు. బడిలో కొట్టరాదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లో దెబ్బను ఆపవలసింది పెద్దలే.

2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతటా బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అటువంటి చోట మార్కులతో పాటు "మా వాడికి ఇంటి పని ఇంతసేపు పడుతోంది, ఫలానా చోట ఆగిపోతున్నాడు" అని సారుకు చెప్పాలి. చెప్పనిదే ఆయనకు తెలిసే దారి లేదు.