పండుగ పళ్ళెంలో పాలు లేని తీపి

క్రిస్మస్ నాడు ఇరుగుపొరుగులకు కేకు పంచడం మన ఊళ్ళలో చక్కని ఆచారం. కానీ పాల అలర్జీ ఉన్న బిడ్డకు ఆ ముక్కే ప్రమాదం కావచ్చు. “కొంచెం తింటే ఏమీ కాదు” అనే ఆప్యాయత ఇక్కడ పనికిరాదు.

పాలు అరగకపోవడం వేరు, పాల అలర్జీ వేరు. మొదటిది లాక్టోజ్ అనే చక్కెర జీర్ణం కాకపోవడం; దానివల్ల కడుపుబ్బరం, విరేచనాలు కలుగుతాయి. రెండవది పాలలోని మాంసకృత్తులపై శరీర రక్షణ వ్యవస్థ తిరగబడటం. దద్దుర్లు, ఆయాసం, ఒక్కొక్కసారి ప్రాణాపాయం. కనుక లాక్టోజ్ తీసిన పాలు వీరికి సురక్షితం కావు. నేతిలోనూ ఆ మాంసకృత్తుల జాడలు మిగిలి ఉండవచ్చు.

ఖరీదైన ప్రత్యేక కేకు కోసం వెదకనక్కరలేదు. బియ్యప్పిండి, బెల్లంతో నూనెలో వేయించిన అరిసెలు, కొబ్బరిపాలతో చేసిన గులాబీ పువ్వులు మన పండుగ వంటలే. అయితే నువ్వులు, గుడ్డు, కొబ్బరి ఆ బిడ్డకు పడతాయో లేదో తల్లిని ముందే అడగండి. మూకుడు, గరిటె బాగా కడిగి, కొత్త నూనె పోయండి. కొన్న సరుకైతే ప్యాకెట్టుపై అలర్జీ సూచన చదవండి. అది లేని విడి కేకును నమ్మవద్దు.

ఇంకొక మాట. ఆ బిడ్డకు వేరే పళ్ళెం పెట్టకండి. అందరికీ అదే తీపి వడ్డించండి. పండుగ పూట పంక్తిలో వేరుపడటం కూడా ఒక బాధే.