చెరుపుటకు ముందు చదువవలదా?

డాష్‌బోర్డుపై ఇంజను బొమ్మగల పసుపుపచ్చని దీపము వెలిగినంతనే తెలిసిన మెకానిక్కు నొద్దకు పోయి, స్టీరింగు క్రిందనున్న 16 పిన్నుల సాకెట్టునకు స్కానరు తగిలించి ఆ దీపము నార్పించుకొని, "ఎర్రర్ క్లియర్ చేసేశాను సార్, ఇంకేం లేదు" అను మాటతో తృప్తులై యిల్లు చేరుట మన పట్టణములలో పరిపాటి యైనది. ఆర్పుట వేరు, బాగుచేయుట వేరు అను వివేచన యిందు లోపించినది.

అమెరికాలో 1996 నుండియు, మన దేశమున 2013 ఏప్రిల్ నుండియు కార్లకు విధింపబడినదియు, ఈ దీపమునకును సాకెట్టునకును ఆధారమైనదియు నగు ఓబీడీ-2 అను దోషనిర్ధారణ విధానమునకు మూలోద్దేశము పొగగొట్టమునుండి వెలువడు విషవాయువులపై నిఘా. దోషము కన్పట్టినప్పుడు కారులోని కంప్యూటరు ఒక కోడును వ్రాసికొనుటయే గాక, ఆ క్షణమున ఇంజను ఎంత వేగమున తిరుగుచుండెనో, కూలెంటు ఎంత వేడెక్కియుండెనో ఫ్రీజ్ ఫ్రేమను పేర భద్రపరచును. క్లియర్ నొక్కినంతనే ఈ సాక్ష్యమంతయు నశించును.

కోడును చదివినవారు సైతము దానినే తీర్పుగా భావించుట మరియొక ప్రమాదము. పి0420 అను కోడునే చూడుడు. ముందటి ఆక్సిజన్ సెన్సరు వోల్టేజి పైకి క్రిందికి ఊగుచుండగా, పొగను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరునకు ఆవలనున్న రెండవదాని వోల్టేజి నిలకడగా నుండవలెను. అదియు మొదటిదానివలె ఊగనారంభించినచో కంప్యూటరు ఈ కోడు వ్రాయును. కన్వర్టరు అరిగినను ఇట్లే యగును. సైలెన్సరు గొట్టము అతుకువద్ద చిన్న లీకున్నను, సెన్సరే చెడినను ఇట్లగుటకు వీలున్నది. ప్లాటినము, పల్లాడియము వంటి అమూల్య లోహములు గర్భమున ధరించిన ఆ కన్వర్టరును మార్పించుటకు ముందు స్కానరు తెరపై ఆ రెండు సెన్సర్ల వోల్టేజి గీతలను కొంతసేపు పరికించుటకు వ్యయమేమియు లేదు. కోడు చెరిపివేసిన పిదప కంప్యూటరు తానై చేయు కన్వర్టరు పరీక్ష మరల పూర్తియగుటకు తగిన పరుగు అవసరము. ఇంటినుండి ఆఫీసునకు ట్రాఫిక్కులో ప్రాకు బండికి అది దినములతరబడి లభింపకపోవచ్చును గనుక, దీపము వెలుగని ఆ దినములను రిపేరు ఫలించుటగా యజమాని భ్రమించును. (దీపము మినుకుమినుకు మనుచున్నచో మాత్రము, ఇంజనులో ఇంధనము సరిగా మండని మిస్‌ఫైరు వలన కన్వర్టరే కాలిపోవచ్చును గావున, ముందు బండి ప్రక్కకు తీసి యాపవలెను.)

సెకండ్‌హ్యాండు బేరములలో ఈ చెరుపుడు ఉపేక్షింపరాని మోసము. అయినను కొనువానికి ఒక ఉపాయము కలదు: కోడులు లేకున్నను, స్కానరులో రెడీనెస్ అను భాగమున పరీక్షలనేకము అసంపూర్ణములని కన్పట్టినచో, బ్యాటరీ విప్పిరో, కోడులు చెరిపిరో నిలదీసి యడుగవచ్చును. అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో అట్టి బండి పొగ పరీక్షలో నెగ్గదు. మన పొల్యూషన్ సర్టిఫికెట్టు పరీక్షయో గొట్టములో ప్రోబు పెట్టి చూచుటతోనే ముగియును.

రిపేరు పిమ్మట కోడు చెరుపుట న్యాయమే. స్కానింగు చార్జి పుచ్చుకొను ప్రతి గ్యారేజియు, చెరుపుటకు ముందు కన్పట్టిన కోడులను, ఫ్రీజ్ ఫ్రేము వివరములతో సహా, బిల్లుపై వ్రాసి యీయవలెనని నేను కోరుచున్నాను. వ్రాయనిచో, తెరను ఫోనుతో ఫొటో తీసికొనక తాళపుచెవి యప్పగింపకుడు.