కంఠపాఠము పనికిరాని చదరంగము

సోదరీమణులారా! చదరంగము మగవారి కాలక్షేపమని తలచి, ఆ పలకను అటకపై దాచినవారు మనలో ననేకులు కలరు. అట్టివారి కొఱకే యీ మాసమున నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గడచిన మాసమున నొక ఆదివారమునాడు, పటాన్‌చెరులో నొక చిన్న క్లబ్బువారు జరిపిన పోటీని చూడబోయితిమి. కర్మాగారములలో పనిచేయువారి పిల్లలు పలువురు వచ్చియుండిరి. పలకలపై కాయలు మన మెఱిగిన వరుసలో లేవు. మంత్రి మూలను, గుఱ్ఱము నడుమను నిలిచియుండుట చూచి, ఎవరో పసివారు తాఱుమాఱు చేసిరని మొదట భ్రమించితిమి.

ఇది అమెరికా దేశీయుడగు బాబీ ఫిషర్ 1996వ సంవత్సరమున ప్రకటించిన పద్ధతి. బంట్లు యథాస్థానముననే యుండును. వాని వెనుక కాయలను మాత్రము చీట్లు తీసి యమర్తురు. శకట్లు రెండును వేర్వేరు రంగుల గళ్లలో నుండవలెను. రాజు రెండేనుగుల నడుమ నుండవలెను. తెల్లకాయల వరుస యెట్టిదో నల్లకాయల వరుసయు నట్టిదే.

ఇంటిలో నమర్చుటయు సులభమే. ఒక శకటునకు తెల్లగళ్లు 4, రెండవదానికి నల్లగళ్లు 4; మిగిలినవానిలో మంత్రికి 6 చోట్లు; తక్కిన అయిదు గళ్లలో గుఱ్ఱముల జంటను నిలుపుటకు 10 విధములు. కడపట మిగిలిన మూడింటిలో నడుమ రాజు, ఇరుప్రక్కల ఏనుగులు. వీనిని హెచ్చవేసిన 960 వచ్చును. కావుననే దీనికి చెస్ 960 అను పేరు కలిగినది. మన పాతవరుసయు నందులో నొకటి.

దీనివలని లాభమేమన, పాత యాటలో మొదటి యెత్తులను పుస్తకములనుండియు గురువులనుండియు వల్లెవేసినవారిదే పైచేయి. అందులకు ధనమును తీరికయు కావలెను. ఇందు మొదటి యెత్తునుండియే ఎవరి బుద్ధి వారికి దిక్కు. ఓరుగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి 2025 జూలైలో లాస్ వేగాస్ నగరమున జరిగిన యిట్టి పోటీలో సెమీఫైనలు వఱకు వచ్చెను.

ఆనాడు కుమారుని వెంట వచ్చిన యొక తల్లి, ఒక స్థానము ఖాళీగా నుండుటచే తానును కూర్చుండెను. "చిన్ననాడు మా నాయన నేర్పినాడమ్మా, పెండ్లియైన పిదప ముట్టలేదు" అని మాతో ననెను. ఆమెకు మొదట నెదురుపడిన బాలుడు తొలి యెత్తునకే తల పట్టుకొని ఆలోచించెను. ఆ యాట ఆమె గెలిచినది, రెండవది ఓడినది. మూడవ యాటకు పిలుచునప్పటికి ఆమె కుర్చీలో లేదు. భర్త షిఫ్టు దిగి వచ్చు వేళయైనదని, వంటకై వెడలిపోయినది. కుమారుడు మాత్రము నిలిచి ఆడెను.

చీట్లు పలకమీద ధనికుని, పేదను సమానులను చేసినవి. ఇంటిలోని వేళను మాత్రము పంచలేకపోయినవి. కోనేరు హంపి తల్లియైన పిమ్మటనే 2019లోను 2024లోను ప్రపంచ మహిళా ర్యాపిడ్ విజేతయైనది. ఆమెవంటి శక్తి ఎన్ని వంటయిండ్లలో నణగియున్నదో ఎవరెఱుగుదురు?

కావున సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల క్లబ్బులవారు స్త్రీలకు వీలగు వేళ నడిగి తెలిసికొని పోటీలను పెట్టవలెను. గృహస్థులు ఆ యొక్క పూట పొయ్యి తాము చూచుకొనవలెను. సోదరీమణులారా, మీరును అటకపై పలకను దింపి, నేడే చీట్లు వ్రాయుడు.