ఫ్రెంచి పేరిట విహారము

మధిర ప్రాంతమున నాలుగెకరముల మిరపచేను గల యొక తండ్రి గతమాసమున మాయొద్దకు వచ్చి, నగరమున బంధువులయింట నుండి చదువుచున్న తన కుమార్తె పాఠశాలవారు పంపిన రంగుల కాగితమును మాచేతికిచ్చెను. ఫ్రెంచి భాషను, సంస్కృతిని స్వయముగా ననుభవించుటకై పది దినముల ప్యారిసు యాత్ర యని దానిమీద నున్నది. రుసుము లక్షలలో నున్నది. కార్యక్రమమును చదివితిమి: ఈఫెల్ గోపురము, నదిమీద పడవ షికారు, ఒక దినమంతయు డిస్నీల్యాండు, స్విట్జర్లాండులో జర్మను మాటలాడు సీమలోని మంచుకొండలు రెండు దినములు. ప్రతిరాత్రి భారతీయ భోజనము. వెంటవచ్చు మార్గదర్శి అన్నియు ఆంగ్లమున వివరించునట! ఫ్రెంచి పిల్లలతో కూర్చుండి మాటలాడు గంట యొక్కటియు నందులేదు.

మేము విదేశయాత్రకు విరోధులము కాము. సముద్రము దాటినవానికి ప్రాయశ్చిత్తము విధించు దినములు పోయినవి, పోవలసినవే. ఫ్రెంచి నేర్చుటయు మంచిదే. సంస్కృతాంగ్లములతో ఆగిపోతిమే యను కొఱత మాకును గలదు. మా యాక్షేపణము వేఱు. విహారమును విద్యయని పేరుపెట్టి యమ్ముచున్నారు. అంతటితో నాగక, దానిని కొనలేని బిడ్డను తోడివారిలో నొంటరిని చేయుచున్నారు.

ఫ్రెంచివారి నేలను త్రొక్కుట తెలుగువారికి క్రొత్తగాదు. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, గౌతమీ తీరమున యానాము గలదు. 18వ శతాబ్ది తొలిపాదము మొదలు 1954 వఱకు, నడుమ ఆంగ్లేయు లాక్రమించిన కాలములు తప్ప, అది ఫ్రెంచివారిది. 1929లో శారదా చట్టము పుట్టి, 14 ఏండ్లు నిండని బాలికకు పెండ్లిచేయుట బ్రిటిషు ఇండియాలో నేరమైనప్పుడు మనవారేమి చేసిరి? మేళతాళములతో, పురోహితులతో యానాము చేరి, చట్టమునకు చిక్కకుండ పసిబిడ్డల మెడలలో పుస్తెలు కట్టించిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరే వచ్చినది. స్వేచ్ఛ, సమానత, సౌభ్రాత్రము లనుచు ప్రపంచమునకు చాటిన జాతి జెండా నీడను జరిగిన పని యిది! (ఆనాడు మధిర నైజాము రాజ్యములోనిది. ఆ చట్టము మాకు వర్తింపనే లేదు గనుక ఎల్లదాటు శ్రమయు మాకక్కఱలేకపోయినది. పొరుగువారిని చూచి నవ్వుటకు మాకధికారము లేదు.) ఫ్రెంచి నేలకు పోయినవారు తాము కోరిపోయినదానినే తెచ్చుకొనిరి. అక్కడి విప్లవము వారి కంటబడలేదు. నేడు మంచుబొమ్మలు కోరి పోవువారికి అక్కడి భాష చెవినబడునని యెట్లు నమ్ముదుము?

ఇంకొక మాట. అంతకాలము ఫ్రెంచి దొరతనమున నుండియు, నేటికిని యానాము వీథులలో వినబడునది తెలుగే. అచ్చట ఫ్రెంచి నేర్చినవారు బడిలో గురువు నెదుట ఏండ్లకొలది కూర్చుండి నేర్చినవారు. తరములు గడచినను వీథికెక్కని భాష పది దినములలో మన బిడ్డల నాలుకకెక్కునా? ఆ లక్షలలో కొంత వెచ్చించి, ఫ్రెంచి చక్కగా వచ్చిన యుపాధ్యాయు నొకనిని ఏడాది పొడవున నియమించినచో, పోగలవాడును పోలేనివాడును నొక్కబల్లమీదనే నేర్చుకొందురు. యాత్రయే కావలెనన్న, విజయవాడ మీదుగా రైలులో కాకినాడకును, అటుపై బస్సులో యానామునకును తరగతి తరగతియే పోవచ్చును. మచిలీపట్టణమున నేటికిని ఫ్రెంచిపేట యను పేట గలదు. అంతదూర మేల? 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాండు సమాధి హైదరాబాదు మలకుపేటలోనే యున్నది. ఆ నగరపు పిల్లలలో దానిని చూచినవారెందఱో యుపాధ్యాయులే యడిగి తెలిసికొందురుగాక.

భాషను దాని నేలమీదనే వినవలెనను సూత్రమును మేమును అంగీకరింతుము. కాని యా సూత్రము ప్యారిసునకే చెల్లునా? మధిరనుండి యొక్కపూట ప్రయాణమున భద్రాచలపు టడవులు గలవు. అక్కడ తల్లియొడిలో కోయ మాటలాడిన పిల్లవానికి బడిలోని తెలుగే పరభాష. వాడు తొలిదినముననే విదేశము చేరును. వానికి మార్గదర్శి లేడు, వానిభాషలో వివరించువాడు లేడు. వాడు మాటలాడకున్నచో మందబుద్ధి యందుము. ప్యారిసునుండి మరలి బోంజూర్ అన్న మనబిడ్డను చూచి మురియుదుము. కోయభాషలో నొక్క మాటయైన నెఱుగుదుమాయని మేము మా తోడియుపాధ్యాయులను అడిగితిమి, ఎఱుగమనిరి. మేమును ఎఱుగము.

ఈ వాదమంతయు నా తండ్రికి చెప్పి, అప్పుచేయవలదంటిమి. ఆయన శ్రద్ధగా విని, "నువ్వు చెప్పింది నిజమే సారూ! కాని పిల్లలందరు పోతుంటే మా పిల్ల ఒక్కతే ఆడ ఎట్ల కూసుంటది?" అనెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఈ ప్రశ్న ఆయనకు పుట్టించినవారు పాఠశాలవారు గాని ఆయన కాదు. అందుచేత ఆయన పేరు చెప్పక, ఇవే మాటలు వ్రాసి పాఠశాలాధికారులకు మేమొక లేఖ పంపితిమి. ప్రత్యుత్తరము రాలేదు. రుసుము గడువు వచ్చు మాసము 15వ తేదీ. మిరప యింకను కల్లములోనే యున్నది.