ఒక గంట మాత్రం విడవకండి

పరీక్షలు అయిపోయినాయి. ఇంక జూన్ దాకా పిల్లలు ఇంట్లోనే. పోయిన నెల మదురైలో ఒక పెండ్లిలో ఇద్దరు ముగ్గురు చెల్లెండ్లు నన్ను పట్టుకున్నారు. "అక్కా, ఇంటినిండా పిల్లలు, రెండు గదులు, ఆయనకు నైట్ షిఫ్ట్. సెలవులు ఎట్లా గడపాల?" అని అడిగినారు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

ముందు మా ఇంటి లెక్క. కోవైలో పాత మిల్లు లైన్లో ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, ముందర తిన్నె. మేము ఇద్దరం, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడండ్లు, వాళ్ళ పిల్లలు అయిదుమంది. చిత్రా పౌర్ణమికి అళగర్ స్వామి వైగై ఏట్లో దిగేది చూసుకుని, మదురైలో ఉండే నా కూతురి పిల్లలు ఇద్దరూ ఇక్కడికి వచ్చేస్తారు. అంతా పదముగ్గురం.

షిఫ్ట్‌కు పోయే ఇంట్లో టైంటేబుల్ వెయ్యాలంటే, ఎవరు ఎప్పుడు నిద్రపోతారో ముందు చూడాల. మన ఇండ్లలో ఇది కొత్త సంగతి కాదు. 1888లో కోవైలో స్టేన్స్ దొర మిల్లు పెట్టినాడు. 1890ల్లో మదురైలో హార్వీ దొరల మిల్లు వచ్చింది. 1930ల్లో పైకారా కరెంటు వచ్చినాక కోవైలో మిల్లులు మీద మిల్లులు లేచినాయి. అప్పటినుంచి మన పెద్దలు మిల్లు సంగు విని లేచినారు, సంగు విని పడుకున్నారు. నేను రీలింగ్‌లో ఇరవై ఎనిమిదేండ్లు పనిచేసినాను. నిద్ర చాలని మనిషి మెషీన్ ముందర నిలబడితే ఏమవుతాదో నా కండ్లతో చూసినాను. అందుకే పగలు పడుకున్న మనిషి నిద్రను పిల్లలు చెడపకూడదు. ఇది మొదటి మాట.

మా పెద్దకొడుకు షిఫ్ట్ వారానికొకటి మారతాది. అందుకని ఆదివారం సాయంత్రం నేనూ కోడండ్లూ కూర్చుని వచ్చే వారానికి గోడమీద సుద్దతో రాసేస్తాము. నైట్ షిఫ్ట్ వారంలో ఇట్లా ఉంటాది: పొద్దున అయిదున్నరకు లేచి నీళ్ళు, ఊడ్పు. ఏడు నుంచి ఎనిమిది దాకా తిన్నెమీద చదువు. ఎనిమిదిన్నరకు వాడు ఇల్లు చేరతాడు, తిని పడుకుంటాడు. అప్పటినుంచి పిల్లలు వేపచెట్టు కింద. ఎండ ముదిరితే లోపలికి వచ్చి సద్దు లేని ఆటలు: వామనగుంటలు, పులి-మేక, అచ్చంగిల్లాలు. మధ్యాహ్నం అందరికీ పడక. నాలుగు గంటలకు వీధిలోకి వదిలేస్తాము, ఎంత అరిచినా అడగము. పైపులో నీళ్ళు వచ్చే దినం ఇదంతా తలకిందులు అవుతాది. అవనీండి. పొద్దున ఆ ఒక్క గంట మాత్రం ఏ వారమైనా, ఏ షిఫ్ట్ అయినా మార్చము.

ఆ గంట తెలుగుకు. ఎందుకంటారా? 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాట్లాడేవాళ్ళము 42 లక్షలకు పైన. మాట్లాడతాము, సరే. చదివేది ఎంతమంది? 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి అంచెలంచెలుగా పదో తరగతి దాకా బడిలో తమిళం తప్పనిసరి అయింది. నేను దాన్ని తప్పు పట్టను. తమిళం మనకు కూడు పెట్టే భాష, పిల్లలు బాగా నేర్వాల. కానీ బడి నేర్పనిది ఇల్లు నేర్పకపోతే ఇంకెవరు నేర్పుతారు? మా పక్క లైన్లో అన్నదమ్ములు బావి వంతు గురించి ఏడాదిగా మాటలు లేకుండా ఉండారు. వాళ్ళ తాత రాసిపెట్టిన పంపకాల చీటీ పెట్టె అడుగునే ఉండాది. తెలుగులో ఉండాదని దాన్ని ఎవరూ విప్పి చూడలేదు. కడాకు మా ఆయన పోయి చదివినాడు. ఆయనకు డెబ్బై ఏండ్లు. ఇంకో పదేండ్లకు అట్లాంటి చీటీ ఎవరింట్లోనన్నా దొరికితే ఎవరిని పిలుస్తారు?

నేను చదివింది అయిదో తరగతి. అది చాలు, మీకూ చాలు. మన పిల్లలకు తమిళం చదవడం వచ్చు కదా, దానిమీదనే కట్టండి. అ ఆ ఇ ఈ ఉ ఊ, ఎ ఏ ఐ, ఒ ఓ ఔ, ఈ పన్నెండూ తమిళంలోనూ ఉండాయి. శబ్దం వాళ్ళకు తెలుసు, రూపం చూపిస్తే పట్టుకుంటారు. చిక్కు ఎక్కడంటే, తమిళంలో క ఒక్కటే, గ పనీ అదే చేస్తాది. తమిళ అక్షరాల్లో రాస్తే పడి, బడి రెండూ ఒకటే. కంప, గంప కూడా ఒకటే. అందుకని మొదటి రెండు వారాలు జతలుగా చెప్తాను: క-గ, ట-డ, త-ద, ప-బ. ఖ, ఘ లాంటివి వెనక చూసుకోవచ్చు, ఇంటి మాటల్లో అవి తక్కువ. తరువాత గుణింతం. ఆ తరువాత వత్తులు. వత్తులకు వేరే పాఠం అక్కరలేదు. అమ్మ, అన్న, అక్క, అవ్వ, అత్త, ఇంట్లో పిలిచే పిలుపులే రాయించండి.

ఏడుగురికి ఒక్కదాన్నే చెప్పలేను. పెద్దవాళ్ళు ముగ్గురికి నేను చెప్తాను, వాళ్ళు చిన్నవాళ్ళను చెరొకరిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్తారు. చెప్పేవాళ్ళకే చదువు గట్టిపడతాది.

ఇక్కడ అమ్మలకు ఒక మాట గట్టిగానే చెప్తాను. పెద్ద కుటుంబంలో టైంటేబుల్ ఎవరు వేసినా, పెద్ద ఆడపిల్ల గంటనే అందరూ కొరుక్కుని తింటారు. బిందె తే, చంటిదాన్ని ఎత్తుకో, పొయ్యి చూడు. సెలవులు అయ్యేసరికి తమ్ముళ్ళు ఆటలు నేర్చుకుని ఉంటారు, అది వంట నేర్చుకుని ఉంటాది. మా ఇంట్లో ఏడు నుంచి ఎనిమిది దాకా పద్నాలుగేండ్ల మనవరాలిని ఎవరూ పిలవకూడదు. చంటిదాన్ని తాత చూసుకుంటాడు. నీళ్ళ బిందెలు పన్నెండేండ్ల మొగపిల్లోడు మోస్తాడు. మొదట్లో కోడండ్లు సణుక్కున్నారు. ఇప్పుడు పెద్దకోడలే అది కూర్చునిందా లేదా అని వచ్చి చూసిపోతాది.

నేర్చుకున్నాక చదవడానికి ఏమి ఇవ్వాల? ఇక్కడ వీధి బోర్డుల్లో తెలుగు కనపడదు. పెండ్లి పత్రికలు దాచిపెట్టండి, పేర్లు చదివించండి. తెలుగు క్యాలెండర్ ఉంటే తిథి, వారం చదివించండి. పెద్దబాలశిక్ష ఉంటే మేలు. ఈ మాసపత్రిక ఎట్లాగూ ఉండాది. అన్నిటికన్నా మంచిది ఉత్తరం. 50 పైసల పోస్టు కార్డు కొని, కోవై పిల్లలచేత మదురై పిల్లలకు తెలుగులో రాయించండి. జవాబు వస్తే దాన్ని చదవను అనే పిల్ల ఉండదు.

వారానికి ఆరు దినాలు, ఏడు వారాలు, 42 గంటలు. మిల్లు లెక్కలో అయిదు షిఫ్ట్‌ల పని, అంతే. అయిదు షిఫ్ట్‌లు ఊరికే చేసినామని అనుకోండి. ఏప్రిల్ పోయినా మే నెల మిగిలే ఉండాది. వచ్చే ఆదివారం సుద్దముక్క తీసుకుని, ముందు ఆ ఒక్క గంట రాసి, మిగతాది దాని చుట్టూ సర్దుకోండి.